జున్ను కరెంటు

సోమవారం. మంచి ఎండ.

ఎండ బాగుంది, పచ్చమ్మ బాగాలేదు.

మండలివారు తెప్పకొక పాచి కాపరిని పెట్టి, రోజుకొక పేజీ రాయమన్నారు. ఏం రాయాలో మాత్రం చెప్పలేదు. మిగతా తెప్పలవాళ్ళు "ఎండ బాగుంది, కరెంటు బాగుంది" అని గీకేసి చేతులు దులుపుకుంటారు. నాకలా రాయడం చేతకాదు. నోరే కట్టుకోలేనిదాన్ని, చెయ్యేం కట్టుకుంటాను? కాబట్టి చదివేవారెవరో గానీ, కాస్త తీరిగ్గా కూర్చుని చదవండి.

నా పేరు వరాలు. పాత తెప్పకి కాపరిని. తెప్ప అంటే మా వీధే. నీళ్ళు మా లంకల్ని మింగి కూర్చున్నాక మా తాతలు వీధికొక తెప్ప కట్టి ఇళ్ళూ అరుగులూ కోళ్ళగూళ్ళూ తగాదాలూ అన్నీ దానిమీదికి ఎక్కించేశారు. గేదెలు మాత్రం తెప్ప మీద నిలవలేదు. గేదెల్ని వదులుకున్నాం గానీ గేదె మాటల్ని వదులుకోలేదు. తెప్ప నడిమధ్య గాజు తొట్టిలో ఉన్న పచ్చటి పాచికి పచ్చమ్మ అని పేరు పెట్టుకున్నాం. పగలంతా ఎండ తాగి దీపాల వేళకి కరెంటు ఇస్తుంది. తీగలొచ్చే డబ్బాని పొదుగంటాం. దాని మీట కిందికి లాగడాన్ని పితకడం అంటాం. కరెంటు ధారకట్టి రావడం మొదలైతే "చేపింది" అంటాం. దారిలో చుట్టం ఎదురైతే ఒంట్లో ఎలా ఉందని అడగం, "మీ పాచి పూటకెంత ఇస్తోంది?" అని అడుగుతాం.

ఈ సాయంత్రం మీట లాగితే దీపాలు వెలిగినట్టే వెలిగి నిద్రముఖాలు పెట్టాయి. పక్కింటి బేబమ్మ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఒదినా, నా గారెలు నూనెలో ఈతకొడతన్నాయి గానీ ఏగట్లేదు. ఏటైంది పచ్చమ్మకి?"

"చేపలేదేమో. కాసేపు నిమురు," అన్నాడు మా ఆయన తాతబ్బాయి, మంచం మీంచి లేవకుండానే.

తొట్టి గాజు నిమిరాను. మా తల్లే, మా బంగారమే అని బతిమాలాను. దీపాలు కొంచెం తలెత్తాయి. అదీ నా మొహం చూసి జాలిపడే అయ్యుంటుంది.

సరిగ్గా ఇప్పుడే ఇలా అవ్వాలా? వచ్చే సోమవారం తనిఖీ. మండలి నుంచి శేషగిరిగారు పడవేసుకుని వస్తారు. దీపాల వేళకి తెప్ప మీద దీపం సొంత పాచితో వెలగాలి. వెలగకపోతే వట్టిపోయిందని రాసేస్తారు. వట్టిపోయిన పాచిని తోడేసి, ఎండబెట్టి, కొబ్బరి తెప్పలకి ఎరువుగా పంపేస్తారు. మా పచ్చమ్మని ఎరువు చేసేస్తారు! తర్వాత మాకు పక్కనున్న కొత్త తెప్ప నుంచి తీగ లాగుతారు. కొత్త తెప్ప కాపరి ఎవరనుకున్నారు? మా తోడికోడలు నూకరత్నం. ఆవిడ మీట లాగితే మాకు వెలుగు, లాగకపోతే చీకటి. అంతకంటే నీళ్ళలో దూకడం నయం, ఈత వచ్చినందుకు ఏడుపొస్తోంది.

నూకరత్నానికీ నాకూ మూడేళ్ళుగా మాటల్లేవు. ఒక పెళ్ళిలో అందరి ముందూ మా తొట్టి వైపు చూసి, "మీ పచ్చమ్మ కొంచెం పాలిపోయినట్టుందే" అంది. కడుపున పుట్టినదాన్ని అన్నా ఊరుకునేదాన్నేమో. ఆ రోజునుంచి ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే రెండు తెప్పల మధ్యనున్న బల్ల వంతెనకి చెప్పుకుంటాం. ఆవిడ తన కొస నుంచి బల్లతో అంటుంది, నేను నా కొస నుంచి బల్లతో అంటాను. ఆ బల్లకున్న ఓర్పు భూదేవికి లేదు.

ఇంకొకటి. పచ్చమ్మకి ఎండా, ఉప్పునీరూ, మండలివారిచ్చే బూడిదరంగు పొడీ తప్ప ఇంకేమీ పెట్టకూడదని నియమం. నేను అక్షరాలా పాటిస్తున్నాను. పొద్దున్నే ఒక్క గ్లాసు ఉలవకట్టు పోస్తాను. అది పెట్టడం కిందికి రాదు.

మంగళవారం. మంచి ఎండ.

నిన్నటికంటే తక్కువ. పంకాలు తిరుగుతున్నాయా ఊగుతున్నాయా అని చూసేవాళ్ళ మెడలు పట్టేశాయి.

తెప్పలోకల్లా పెద్దాయన పేరయ్యగారు కర్ర పొడుచుకుంటూ వచ్చి తొట్టిని ఈ కొస నుంచి ఆ కొసకి చూశారు.

"దిష్టమ్మా ఇది. పచ్చగా ఉన్నదాన్ని పదిమందీ చూస్తే ఇంతే."

ఎవరి దిష్టో నేను వేరే చెప్పాలా? ఉప్పూ మిరపకాయలూ తీశాం. మనిషికైతే చెయ్యి తిప్పితే చాలు. పచ్చమ్మ ఇల్లంత పొడుగు కాబట్టి తాతబ్బాయి గుప్పిట మూసుకుని తొట్టి చుట్టూ పరిగెత్తాల్సొచ్చింది. మూడో చుట్టులో తెడ్డు తగిలి బోర్లాపడ్డాడు. ఉప్పు కాస్తా తన కళ్ళలోనే పడింది. దిష్టి పోయిందో లేదో తెలీదు, ఆయన మాత్రం సాయంత్రం దాకా ఏడుస్తూనే ఉన్నాడు.

వచ్చేపోయేవాళ్ళంతా తొట్టి దగ్గర ఆగి "చిక్కిపోయింది పాపం" అంటున్నారు. "నోరులేని జీవి" అంటున్నారు. రేపట్నుంచి ఉలవకట్టు రెండు గ్లాసులు పోద్దామనుకుంటున్నాను.

బుధవారం. ఎండ, కాస్త గాలి.

అన్నం ఉడకలేదు. నానబెట్టిన బియ్యంలాగే తిన్నాం. తొట్టి నీళ్ళలోంచి బుడగలొస్తున్నాయి, వాసన కూడా ఏదో తేడాగా ఉంది.

పొద్దున్న తొట్టి తుడుస్తుంటే అంచు మీద తెల్లటి మరకలు కనిపించాయి. కింద బల్లల మీద తడి అడుగులు. ఒక జత కాదు, బోలెడు. తెల్లారకముందే ఎవరో వచ్చి మా పచ్చమ్మలో ఏదో కలుపుతున్నారు. కొత్త తెప్పవాళ్ళు తప్ప ఇంకెవరుంటారు?

బల్ల దగ్గరికెళ్ళి, అవతల బట్టలారేస్తున్న నూకరత్నం వినేలా బల్లతో అన్నాను. "కొందరికి పక్కవాళ్ళ పాచి పచ్చగా ఉంటే కళ్ళలో కారం పోసినట్టుంటదే బల్లా. దొరికినరోజున చెప్తాను వాళ్ళ పని."

ఆవిడ తడిచీర దులిపి తీరిగ్గా బల్లతో అంది. "పచ్చగా ఉంటే గదే బల్లా, కళ్ళు మండటానికి."

చూశారా నోరు? రేపు తెల్లవారేసరికి వలల కుప్ప వెనక దాక్కుంటాను. కలుపుతుండగా పట్టుకుంటే మండలివారే తీర్పు చెబుతారు.

గురువారం. ఎండ. ఈ పేజీ మండలివారు చదవకపోతే మంచిది.

తూర్పు తెల్లబడుతుంటే వలల కుప్పలో దూరాను. ఎండుచేపల కంపు. తుమ్ము వస్తే ముక్కు నొక్కుకున్నాను. కాసేపటికి అడుగుల చప్పుడు. కొంగు బిగించి చూద్దును కదా, పేరయ్యగారు! చేతిలో ఇత్తడి గ్లాసు.

"తాగమ్మా," అంటూ పొగలు కక్కే కాఫీ తొట్టిలో వొంపారు. "పొద్దున్నే ఇది పడకపోతే నాకూ ఒళ్ళు లేవదు. నీకు మాత్రం లేస్తదా?"

నేను నోరు తెరిచేలోపు ఆయన వెళ్ళిపోయారు, బేబమ్మ వచ్చేసింది. బిందె నిండా కుడితి. బియ్యం కడిగిన నీళ్ళు, తవుడు, బెల్లం ముక్కా వేసి కలిపిన అసలు సిసలు కుడితి. "మా యమ్మమ్మ వాళ్ళ గేది దీనికే గదే లేచి నిలబడింది," అని పచ్చమ్మకి పాత కబుర్లు చెబుతూ బిందె బోర్లించింది.

ఆ తర్వాత బడి మాస్టారు వచ్చి సున్నుండలు చిదిపి వేశాడు. అటు చూసీ ఇటు చూసీ, "మా ఆవిడకి చెప్పమాకు" అని పాచినే బతిమాలుకుని వెళ్ళాడు. ఆయన అటు మళ్ళగానే ఆయన భార్య వచ్చి గ్లాసుడు బూస్టు పోసి, "మా ఆయనకి చెప్పకే" అంది. ఇంకొకావిడ బాలింతలకి పెట్టే కాయం ముద్ద తెచ్చింది. మరొకాయన నిన్నటి పుట్టినరోజు కేకు. ఒకళ్ళు వెళ్ళగానే ఒకళ్ళు, పెళ్ళి భోజనాల బంతి కదిలినట్టు కదులుతోంది. ఎవరికి వాళ్ళు తామొక్కరే దొంగతనంగా పెడుతున్నామనుకుంటున్నారు. నేను వలల్లో కూర్చుని చెమటలు కక్కుతున్నాను.

ఆఖరున వచ్చినవాడు మా ఆయన.

చేతిలో పెరుగన్నం గిన్నె. ముద్దలు చేసి ఒక్కొక్కటే తొట్టిలో వదులుతూ, "తినమ్మా, తిను. వరాలు నీకు ఆ బూడిద తప్ప ఏం పెట్టదు. దాని మనసు రాయి," అంటున్నాడు.

ఇంక ఆగలేకపోయాను. "ఎవరి మనసయ్యా రాయి?" అంటూ లేచాను. నాతోపాటు వలలన్నీ లేచాయి. చీకటీ వెలుగూ కాని వేళ, ఒంటినిండా వలలు వేలాడుతూ ఎండుచేపల కంపుతో నేను మీదికొస్తుంటే ఆయన "అమ్మోయ్!" అని కేకేసి గిన్నెతో సహా మిగిలిన పెరుగన్నం తొట్టిలోకి విసిరేశాడు. ఆ కేకకి తెప్ప తెప్పంతా లేచొచ్చింది.

"ఒక్క గ్లాసే గదమ్మా పోసేను," అన్నారు పేరయ్యగారు.

"నేనొక్కదాన్నే గదా అనుకున్నాను ఒదినా," అంది బేబమ్మ.

అందరూ అదే మాట. తలా ఒక్క గ్లాసే, తలా ఒక్క ముద్దే. పగలంతా ఎండలో నిలబడి ఇంటింటికీ వెలుగిచ్చే జీవికి ఏమీ పెట్టకుండా మనం తినేదెలాగ, ముద్ద దిగుతుందా అని బేబమ్మ ఏడుపు మొదలెట్టింది. కరెంటు తగ్గేకొద్దీ నీరసపడిందని అందరూ ఇంకాస్త పెట్టారట. ఇంకాస్త పెట్టేకొద్దీ కరెంటు ఇంకాస్త తగ్గింది.

"బుద్ధుందా మీకు? పాచికి ఎండే తిండి అని ఎన్నిసార్లు చెప్పేను? నీళ్ళన్నీ పులిసిపోతే దానికి ఎండ ఎక్కడ తగుల్తది?" అని అరిచాను.

"మరి నువ్వు పోసే ఉలవకట్టో?" అన్నాడు తాతబ్బాయి.

"అది వేరు."

ఎలా వేరో నాకే తెలీలేదు. మధ్యాహ్నానికి తొట్టి పొంగింది. పులిసిన దోసెలపిండి వాసనతో నురగ గాజు అంచు దాటి, అరుగులెక్కి, గడపలు దాటింది. కోళ్ళు ఆ నురగ తిని ఎక్కడివక్కడ పడి నిద్రపోయాయి. మాస్టారి కోడిపుంజు సాయంత్రం లేచి కూసింది. ఆ పూట మా తెప్ప మీద పనిచేసింది అదొక్కటే.

శుక్రవారం. ఎండ ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి.

పచ్చమ్మ పోయింది.

పొద్దున్న చూస్తే తొట్టి నిండా బూడిదరంగు కుళ్ళు నీళ్ళు. తెడ్డుతో కలిపాను. అడుగున ఎక్కడైనా ఒక్క పచ్చటి చుక్క మిగిలిందేమోనని చేతులు పెట్టి వెతికాను. లేదు.

మైల పట్టాలా వద్దా అని పేరయ్యగారి అరుగు మీద చర్చ జరిగింది. పట్టాల్సిందే, ఇంట్లో మనిషికంటే ఎక్కువ అన్నారు కొందరు. అయితే ఇవాళ పొయ్యి వెలిగించకూడదన్నారు పేరయ్యగారు. వెలిగిద్దామన్నా ఏ పొయ్యీ వెలగదని ఎవరో గుర్తుచేశారు. అప్పటిదాకా బిగబట్టుకున్నవాళ్ళు కూడా ఆ మాటకి ఘొల్లుమన్నారు.

నేను ఏడవలేదు. ఏడిస్తే నిజమైపోతుందని భయం. తాతబ్బాయి నా పక్కన కూర్చుని, "పెరుగన్నం వల్లే పోయిందంటావా?" అని అడిగాడు. కాదు, అందరి వల్లా పోయిందన్నాను. "నీ మనసు రాయన్నాను గదా, ఏం అనుకోమాక," అన్నాడు. అప్పుడు ఏడ్చాను.

శనివారం.

తొట్టి కడుగుతున్నాం. అందరూ కడుగుతున్నారు. పెరుగన్నం గిన్నె దొరికింది.

ఆదివారం. మబ్బు విడిచింది.

కడగడం అయ్యేసరికి పొద్దు గుంకిపోయింది. గాజు తళతళలాడుతోంది, లోపల ఏమీ లేదు. అదే చూడలేకపోతున్నాం.

పాలకి తోడు పెట్టినట్టే పాచికీ తోడు పెట్టాలి. గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో గిన్నెడు పచ్చి పాచి కలిపి రాత్రంతా కదపకుండా వదిలేస్తే పొద్దుటికి తొట్టంతా తోడుకుంటుంది. తనిఖీ రేపే కాబట్టి ఈ రాత్రే తోడు పడాలి. పిలిస్తే పలికేంత దగ్గర్లో ఉన్న పాచి ఒక్కటే, నూకరత్నం చిలకమ్మ.

"నువ్వెళ్ళు," అన్నాను తాతబ్బాయితో.

"ఆడాళ్ళ వ్యవహారం," అని ఆయన మంచం కోళ్ళు సరిచేయడం మొదలెట్టాడు.

గిన్నె పట్టుకుని నేనే బల్ల ఎక్కాను. మూడేళ్ళలో ఆ బల్ల సగం దాటడం అదే మొదటిసారి. కొత్త తెప్ప మీద ఎక్కడ చూసినా దీపాలే. ఇంటింటా పాటల పోటీ ఆఖరి ఘట్టం టీవీలో మోగిపోతోంది. నూకరత్నం తొట్టి దగ్గరే నిలబడి ఉంది. నా చేతిలో గిన్నె చూసింది, నా మొహం చూసింది. మా సంగతంతా ఆవిడకి ముందే తెలుసని అర్థమైంది. మా తెప్ప మీద ఎవరైనా తుమ్మితే ఆవిడ చిరంజీవ అంటుంది, మనసులో.

"తోడుకని వచ్చినట్టున్నారు ఎవరో," అంది బల్లతో.

"గిన్నెడు చాలు," అన్నాను బల్లతో.

"దీపాలు పెట్టేక తోడు ఇచ్చే ఆచారం మా అత్తగారింట్లో లేదు. తెల్సో తెలీదో కొందరికి."

తెలియకపోవడమేమిటి? దీపాలు పెట్టాక పెరుగు తోడు గానీ, ఉప్పు గానీ, పాచి గానీ ఏ ఇంటి ఇల్లాలూ గడప దాటించదు. ఇస్తే ఇంట్లో పాడి వాళ్ళ వెంట పోతుంది. మా అత్తగారు ప్రాణం పోయినా ఇచ్చేది కాదు. వేరు పెట్టినప్పుడు తన తొట్టిలోంచి మా ఇద్దరికీ చెరొక చెంబూ పోసిచ్చింది కూడా మిట్టమధ్యాహ్నం చూసే. అలా పోసిచ్చిన చెంబులే చిలకమ్మా, పచ్చమ్మా.

"ఆ అత్తగారే మా అత్తగారూను," అన్నాను. "పొద్దుటిదాకా ఆగితే రేపు దీపాల వేళకి ఏమీ తోడుకోదు. ఆవిడ పోసిచ్చిన చెంబు నా చేతుల్లో పోయింది. తొట్టి కూడా పట్టుకుపోతారు."

ఇది బల్లకి చెప్పే మాట కాదు. నేరుగా ఆవిడకే చెప్పేశాను. ఆవిడ గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. సరే, నా ఖర్మ అనుకుని వెనక్కి అడుగు వేశాను.

టక్కుమని మీట చప్పుడు.

కొత్త తెప్ప మొత్తం ఆరిపోయింది. దీపాలు, టీవీలు, పొయ్యిలు, అన్నీ. పాట మధ్యలో తెగిపోయింది. ఇంటింట్లోంచి "అయ్యో!", "ఓలమ్మో!", "ఇప్పుడే గదే గెలిచేవాడు!" అని కేకలు. నూకరత్నాన్ని మొగుడితో సహా నలుగురూ తిడుతున్నారు. పితికేటప్పుడు సగంలో ఆపితే పాచి అలుగుతుంది. మళ్ళీ చేపడానికి రెండు రోజులు పడుతుంది. ఆ సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

మసకచీకట్లో నీళ్ళు తొణికిన చప్పుడైంది. నా చేతిలోని గిన్నె బరువెక్కింది.

"ఇంకా దీపాలు పెట్టలేదు," అంది నూకరత్నం. "పట్టుకెళ్ళు, వరాలూ."

అక్కా అనబోయాను, గిన్నె తొణికింది. ఒలకకుండా తీసుకొచ్చాను.

సోమవారం. ఎండ, ఎండ, ఎండ.

తోడుకుంది!

తెల్లారేసరికి తొట్టంతా లేత పచ్చ. మధ్యాహ్నానికి ముదురు పచ్చ. తెప్పంతా గాజుకి ముక్కులు ఆనించి చూశారు. ఒక్కళ్ళ చేతిలో కూడా గిన్నె లేదు. బేబమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది, పాపం ఎంత కష్టపడిందో.

పొద్దు వాలుతుంటే అసలు చిక్కు వచ్చింది. పాడి ఈనితే మొదటి పాలు ఇంట్లో తాగం కదా, జున్ను పంచుతాం. పాచికీ అంతే. కొత్తగా తోడుకున్న పాచి ఇచ్చే మొదటి పూట కరెంటు మనం వాడుకోకూడదు. జున్ను కరెంటు ఇరుగుపొరుగుకి పోవాలి. మాకు పొరుగంటే కొత్త తెప్ప. వాళ్ళు మా వల్లే చీకట్లో కూర్చున్నారు, చిలకమ్మ ఇంకా అలకపాన్పు దిగలేదు. కానీ ఇవాళ దీపాల వేళకే శేషగిరిగారు వస్తున్నారు.

"ఒక్కపూట ఆగి పంపితే ఏం?" అన్నాడు తాతబ్బాయి. "రేపు డబల్ పంపేద్దాం."

"రేపటిది జున్ను ఎలాగవుతదండి?" అంది బేబమ్మ, ఏడుపు గొంతుతో.

అందరూ నావైపు చూశారు. నాకు భయం వేసింది. నేనేమీ గొప్పదాన్ని కాదు. మీట మీద చెయ్యి వేశాను. అవతల నూకరత్నం చీకటి పడకముందే వంట ముగించాలని కట్టెపుల్లలు ఊదుతోంది, దగ్గుతోంది. బల్ల మీదుగా కొత్త తెప్ప పొదుగు దాకా తీగ లాగి తగిలించి, మీట లాగాను.

కొత్త తెప్ప భగ్గున వెలిగింది. "వచ్చిందిరోయ్!" అని కేకలు. మేం చీకట్లో కూర్చుని వాళ్ళ వెలుగు చూస్తున్నాం.

అప్పుడు వచ్చారు శేషగిరిగారు. ఆయన తనిఖీకి వెళ్ళిన చోట మంచినీళ్ళు కూడా ముట్టరని పేరు. నీళ్ళ సీసా, మడత కుర్చీ, లాంతరు తనవి తనే తెచ్చుకుంటారు. ఆ లాంతరు బ్యాటరీ దారిలోనే అయిపోయినట్టుంది, తడుముకుంటూ తెప్ప ఎక్కారు.

"దీపాలేవి?"

"అయిగోనండి," అని తాతబ్బాయి పక్క తెప్ప వైపు చెయ్యి చూపించాడు.

"అది కొత్త తెప్ప."

"దీపాలు ఆళ్ళవేనండి. కరెంటు మాదండి, ఆయ్."

"మీ కరెంటు వాళ్ళకెందుకిచ్చారు?"

"జున్నండి," అన్నారు పేరయ్యగారు.

శేషగిరిగారు కుర్చీ విప్పుకుని కూర్చున్నారు. "మండలి నియమాల్లో జున్ను లేదు."

"మండలికి పాడి ఎక్కడుందండి, జున్నుండడానికి?" అన్నారు మళ్ళీ పేరయ్యగారే.

"తెప్ప మీద దీపం వెలగాలి. నాకు తెలిసింది అంతే. వెలిగించండి, రాసుకుని పోతాను. లేదంటే వేరేది రాయాలి."

"తిప్పెయ్ వరాలూ, తీగ ఇటు తిప్పెయ్," అని తాతబ్బాయి నా చెవిలో గోల పెట్టాడు. తొట్టి దగ్గరికి వెళ్ళాను. చేత్తో తీగ పట్టుకున్నాను కూడా. ఒక్క గుంజు గుంజితే పచ్చమ్మ దక్కుతుంది. అవతల ఎవరో నవ్వుతున్నారు, ఎవరింట్లోనో తాలింపు చిటపటలాడుతోంది.

"నావల్ల కాదండి," అన్నాను. "పాచి బతికే ఉంది, కావాలంటే చెయ్యి పెట్టి చూసుకోండి. నిన్న మాకోసం ఆళ్ళు చీకట్లో కూర్చున్నారు. ఇయ్యాళ్టిది ఆళ్ళది. మీరు ఎరువు చేసేస్తే చేసెయ్యండి."

అనేసి తొట్టిని ఆనుకుని కూలబడ్డాను. 

శేషగిరిగారు కొత్త తెప్ప వైపు చూశారు.

"పొరుగువాళ్ళందరికీ పంచారు. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఒట్టి చేతుల్తో కూర్చోబెట్టారు. ఇదేనా లంకవాళ్ళ పద్ధతమ్మా? మరి నా వాటా జున్నేది?"

అని ఆరిపోయిన లాంతరు నా ముందు పెట్టారు.

నాకు అర్థమవడానికి కొంచెం టైం పట్టింది. అర్థమైంది మొదట బేబమ్మకి, కెవ్వుమంది. పొదుగు నుంచి సన్న తీగొకటి లాగి లాంతరుకి తగిలించాను. చిన్న వెలుగు. కొంచెం పచ్చగా ఉంది. శేషగిరిగారు తీగతో సహా లాంతరు తీసి పేరయ్యగారి అరుగు మీద పెట్టి, దాని వెలుగులోనే కాగితం మోకాలి మీద పెట్టుకుని, పైకి చదువుతూ రాసుకున్నారు.

"పాత తెప్ప. తెప్ప మీద దీపం. సొంత పాచితో. వెలిగింది."

నేను తొట్టిని రెండు చేతులా పట్టుకుని బావురుమన్నాను. తాతబ్బాయి, బేబమ్మ, మాస్టారు, మాస్టారి భార్య అందరూ అందుకున్నారు. బల్ల అవతల నుంచి నూకరత్నం "ఏటైందే వరాలూ? ఏటైందే?" అని కేకలేస్తూ పరిగెత్తుకొస్తోంది.

శేషగిరిగారు మాత్రం చిరాకు పడ్డారు.

"ఊరుకోండమ్మా," అన్నారు. "దీపాలు పెట్టే వేళ ఏడవకూడదు."